బొంతమ్మ ఇంట్లో మూడు ఓండ్రలు

అనగనగా ఒక అడవి ఉండేదర్రా. అందులో కోతి మొదలు కొండచిలువ దాకా అందరికీ కంప్యూటర్లుండేవి. కొండచిలువ తోకతో టైపు చేసేది.

ఎవరికి ఏ ప్రోగ్రాం కావాలన్నా నింపాదయ్య అనే తాబేలు గిడ్డంగిలోంచే తెచ్చుకోవాలి. ఆయన ప్రతిదాన్నీ నెల రోజులు పరీక్షించాకే ఇచ్చేవాడు. ఏదైనా కబురుందని చెప్పడానికి ఒక కంప్యూటర్లోని ప్రోగ్రాములన్నీ మోగించేది ఒకటే గంట. కంప్యూటరుకొక గంట పెట్టి, "అన్నిటికీ ఇదే చాలు" అనేవాడు.

బొంతమ్మ అనే ఎలుగుబంటికి మూడు ప్రోగ్రాములు కావాల్సొచ్చాయి. తేనెపట్టు ఎక్కడుందో చూపేది ఒకటి, వాన కబురు చెప్పేది ఒకటి, పాటలు పాడేది ఒకటి.

"వచ్చే నెల రా అమ్మా. పాటలది మాత్రం నా దగ్గర లేదు," అన్నాడు నింపాదయ్య.

"నెలా! అప్పటిదాకా తేనె నాకోసం కూర్చునుంటుందా?" అని బొంతమ్మ విసవిసా వెళ్లిపోయింది.

దారిలో చిటికెన్న అనే ముంగిస ఎదురయ్యాడు.

"నా పెట్టెలు తీసుకో వదినా! ప్రోగ్రాం, దానికి కావలసిన సరంజామా అంతా లోపలే. పెట్టె పెట్టెకీ దాని గంట దానిదే. విప్పే పనే లేదు!"

'పాడైతే ఎవరు బాగుచేస్తారు?' అని అడుగుదామనుకుంది బొంతమ్మ. ఇంతలో తేనె గుర్తొచ్చి నోరూరింది. అడగలేదు. మూడు పెట్టెలూ చంకన పెట్టుకుపోయింది. ఇట్టే పనిచేశాయి కూడా!

నింపాదయ్య గంటా, పెట్టెల్లోని గంటలూ ఒకే రకం. పది రోజులకి ఆ రకం గంటకి ఏం చీడ పట్టిందో, ణంగుమనే బదులు గాడిదలా ఓండ్ర పెట్టింది. అడవంతా ఓండ్రలే! నింపాదయ్య గంటని బాగుచేసి అందరికీ పంపాడు. మధ్యాహ్నానికల్లా ఇళ్లన్నీ సద్దుమణిగాయి.

బొంతమ్మ ఇల్లు తప్ప. పెట్టెల్లోని గంటలు నింపాదయ్యవి కావుగా! వాటిలోకి ఆయన చెయ్యి పోదు.

సాయంత్రం తలుపు దబదబలాడింది. బయట ఏడు గాడిదలు!

"మా పెదనాన్నని పెట్టెలో బంధిస్తావా? వదులు!" అని అరిచింది పెద్ద గాడిద.

"అయ్యో, అది గంటండీ!"

"మా పెదనాన్న గొంతు మాకు తెలీదా?"

మొదటి తాపుకి తలుపు ఊడింది. రెండో తాపుకి తేనె కుండలు పగిలాయి. మూడో తాపు బొంతమ్మకే. ఎక్కడ తగిలిందో చెప్పను.

బొంతమ్మ కుంటుకుంటూ చిటికెన్న దగ్గరికి పరిగెత్తింది.

"నేను మోసుకొచ్చేవాణ్ణే వదినా! లోపలి సంగతి చేసినవాళ్లనడుగు," అన్నాడతను.

పాటల పెట్టె చేసిన పిచ్చుకమ్మ, గంట మార్చిన కొత్త పెట్టె వెంటనే ఇచ్చింది. మిగతా రెండూ చేసినవాళ్లు ఏ అడవికి పోయారో ఎవరికీ తెలీదు. బొంతమ్మ ఇంటికెళ్లి కొత్త పెట్టె పెట్టుకుని, ఆ రెండిటినీ తీసిపారేసి, నింపాదయ్య గుమ్మం ముందు తల వంచుకుని నిలబడింది.

"వచ్చే నెల రా అమ్మా," అన్నాడాయన.

"అలాగే బాబాయ్," అంది.

ఇంటికొచ్చేసరికి ఓండ్రలు ఆగిపోయాయని గాడిదలు గొల్లుమంటున్నాయి. "పెదనాన్న పోయాడు!" ఎంత చెప్పినా వినలేదు. పాపం, పెద్దకర్మకి ఏడు గాడిదలకీ బొంతమ్మే భోజనాలు పెట్టింది.

నీతి: వస్తువు ఎంత తొందరగా వస్తుందని కాదు, పాడైతే ఎవరు బాగుచేస్తారని ముందుగా అడగాలి.