గంగులన్న గొట్టాలు

అనగా అనగా, మన తాతల తాతలకు ఇంకా మీసాలు మొలవని కాలంలో, ఎర్రగుట్ట దగ్గర రెండు పల్లెలుండేవి. గట్టు పైన మిట్టపల్లె, గట్టు కింద గుంతపల్లె. రెండిటి చేలూ ఒకేచోట. ఆ చేలకు కావలివాడు ఒక్కడే, గంగులు.

గంగులుకు పొలం లేదు, పశువు లేదు, పిల్లల్లేరు. ఒక గుడిసె, ఒక పెళ్ళాం, ఏడు తుపాకులు. ఆ తుపాకులు అతను కొన్నవి కావు. వేటగాడికి ముసలితనం వచ్చి చూపు ఆనకపోతే, తన తుపాకి తెచ్చి కావలివాడి గుడిసెలో పెట్టడం ఆ పల్లెల ఆచారం. ఆ ఇంటివాళ్ళు మళ్ళీ ఎప్పుడడిగినా ఇచ్చెయ్యాలి. కాదనకూడదు, ఎందుకని అడగకూడదు. అట్లా మిట్టపల్లెవి నాలుగు, గుంతపల్లెవి మూడు చేరాయి.

ఏడాది పొడుగునా జనం అతన్ని "ఒరే గంగులుగా" అనేవాళ్ళు. ఆయుధపూజ నాడు మాత్రం రెండు పల్లెలూ గుడిసె ముందుకొచ్చి, తుపాకులకు పసుపూ కుంకుమా పెట్టి, "ఏం గంగులన్నా, బాగుండావా?" అనేవి. ఆ ఒక్క మాట కోసం అతను ఏడాదంతా వాటికి నూనె పూసి, తుడిచి, బిడ్డల్లా చూసుకునేవాడు.

పెళ్ళాం నాగులమ్మకు వాటిని చూస్తే ఒళ్ళు మంట. ఆమె పొయ్యి ఊదేది వెదురుబొంగుతో. నెల తిరక్కుండా దాని కొన కాలిపోయేది.

"ఇంట్లో ఏడు ఇనుప గొట్టాలు పెట్టుకోని, నాకీ బొంగే గతి చేస్తివి కదయ్యా," అని పొగలో కళ్ళు తుడుచుకుంటూ దెప్పేది. గంగులు నవ్వుతూ గొట్టానికి ఇంకో చుక్క నూనె పూసేవాడు.

ఒకసారి పందుల కోసం తుపాకి అడిగారు. గంగులు కాదనలేదు, ఎందుకని అడగలేదు. ఒకసారి పెళ్ళి ఊరేగింపులో పేల్చడానికి అడిగారు. కాదనలేదు, ఎందుకని అడగలేదు. మూడోసారి అడిగిన ఏడాది వాన మొహం చాటేసింది. గుట్ట మీది ఊటకాలువ దారంలా సన్నబడింది. నీళ్ళు మావంటే మావని రెండు పల్లెలూ కత్తులు నూరుకున్నాయి.

పొద్దున్నే మిట్టపల్లె చౌడప్ప వచ్చాడు. "ఒరే గంగులుగా, మా నాలుగూ తీసిపెట్టు."

మధ్యాహ్నం గుంతపల్లె మద్దిలేటి వచ్చాడు. "ఒరే గంగులుగా, మా మూడూ తీసిపెట్టు."

"నూనె పెట్టాలప్పా. మూడు దినాలు ఆగండి," అన్నాడు ఇద్దరితోనూ.

మొదటి రోజు కూర్చుని నూనె పెట్టాడు. ఒక తుపాకి చౌడప్ప నాయనది. పాము కరిచిన గంగులును వీపున వేసుకుని వైద్యుడి దగ్గరికి పరిగెత్తింది ఆయనే. ఇంకోటి మద్దిలేటి మేనమామది. కరువులో గుడిసెకు జొన్నల మూట మోసుకొచ్చింది ఆయనే. 'వీళ్ళు ప్రాణం పోశారు, వాళ్ళు అన్నం పెట్టారు. ఎవరి గుండు ఎవరికి తగిలినా తగిలేది నాకే,' అనుకున్నాడు.

రెండో రోజు తుపాకుల ముందు కూర్చుని లెక్క వేసుకున్నాడు. ఇస్తే మనుషులు పోతారు. దాస్తే మాట పోతుంది. తుపాకులే లేకుండా చేస్తే ఆయుధపూజకు గుమ్మం తొక్కేవాడుండడు, చచ్చేదాకా గంగులుగాడే. నిజం చెప్పాలంటే దానికే ఎక్కువ భయపడ్డాడు. మనిషి కదా, మనమైతే భయపడమా?

అప్పుడే నాగులమ్మ చేతిలో బొంగు నిలువునా చీలింది. ఆమె ఈసారి దెప్పలేదు. పొగలో ఊరికే కూర్చుంది. గంగులు బొంగు వైపు చూశాడు, తుపాకుల వైపు చూశాడు. మోపు కట్టి కమ్మరి వీరాచారి కొలిమికి నడిచాడు.

"మతి పోయిందా గంగులూ? ఇవి కోస్తే నిన్నెవరు పలకరిస్తారు?"

"పలకరించకుంటే మానె. కొయ్యి సామీ."

కమ్మరి చెక్క ఊడదీశాడు, మూసి ఉన్న కొన కోశాడు, ఒక్కో గొట్టాన్ని మూడు ముక్కలు చేశాడు. ఇరవై ఒక్క ఊదుగొట్టాలయ్యాయి.

మూడో రోజు మగవాళ్ళు మందుగుండు సంచులతో వచ్చారు. వాళ్ళ వెనక ఆడవాళ్ళు ఏడ్చుకుంటూ వచ్చారు. గంగులు గొట్టాలు రెండు కుప్పలు పోశాడు.

"మీ నాలుగూ ఇవి, మీ మూడూ ఇవి. ఎవరినీ కాదనలేదు. ఎందుకనీ అడగలేదు. చూసుకోండి."

చౌడప్ప ఒక గొట్టమందుకుని గంగులు నుదుటి మీద కొట్టాడు. నెత్తురు కారింది. రెండోసారి చెయ్యెత్తేసరికి, వాళ్ళమ్మ చెన్నమ్మ ఆ గొట్టం లాక్కుంది. వాసన చూసింది.

"ఇది మీ నాయన తుపాకిరా. పన్నెండేండ్లు దీనికి నూనె ఆరనీయనోణ్ణి కొడతావా?"

ఆ ముసలమ్మ నాగులమ్మ పొయ్యి ముందు వంగి ఊదింది. బూడిద ఎగిరింది, మంట లేచింది. ఒకరి తర్వాత ఒకరు ఆడవాళ్ళు గొట్టాలు తీసుకుని ఇళ్ళకు పోయారు. మగవాళ్ళ చేతుల్లో మందు సంచులే మిగిలాయి.

కొట్లాట ఆగలేదు లెండి. కర్రలతో కొట్టుకున్నారు. రెండు తలలు పగిలాయి, ఎవరూ చావలేదు. ఆ తలలకు కట్లు కట్టుకుని కూర్చుని వంతులు వేసుకున్నారు. మూడు రోజులు పైపల్లెకు నీళ్ళు, మూడు రోజులు కిందిపల్లెకు, ఏడో రోజు పశువులకు.

ఇక తుపాకుల్లేవు కనుక గంగులు వడిసెలతో రాళ్ళు విసిరి, గొంతు పోయేలా అరిచి పందుల్ని తోలాడు. ఆయుధపూజ వచ్చింది. బోసిపోయిన వాకిలి చూడలేక చేలో కూర్చున్నాడు. పొద్దెక్కాక నాగులమ్మ పిలిస్తే వచ్చాడు. వాకిట్లో రెండు పల్లెలూ ఉన్నాయి. ఇరవై ఒక్క గొట్టాలకు పసుపూ కుంకుమా ఉన్నాయి.

"ఏం గంగులన్నా, యాడికి పోయినావు?" అన్నాడు చౌడప్ప, అందరికంటే ముందు.

గంగులన్న నుదుటి మచ్చ తడుముకుంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆయన పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలీదు. ఆ పల్లెల్లో కొత్త కోడలు పొయ్యి వెలిగిస్తే మొదటి ఊపిరి ఇప్పటికీ గంగులన్న పేరు మీదే ఊదుతుంది. గ్యాసు పొయ్యిలొచ్చినా గొట్టం గోడకే ఉంది. ఆయుధపూజ నాడు ట్రాక్టరు కంటే ముందు దానికే బొట్టు.

ఎవడన్నా కోపంతో ఊగిపోతూ ఇంట్లోంచి బయల్దేరితే, ముసలమ్మలు ఆ గొట్టం తీసి చేతిలో పెడతారు.

"అంత ఊపిరుంటే, రా నాయనా, పొయ్యి ఊదు."