నీళ్లు లేని చలివేంద్రం

పంపాపతి మఠం మెట్లెక్కి వచ్చేసరికి ముఖం మాడిపోయి ఉంది.

పొలం అమ్మి కంపెనీ పెట్టుకున్నాడు. దానికి ‘పంపా జనబ్యాంక్ సర్వీసెస్’ అని పేరు. అనుమతి రాకముందే బజార్లో బోర్డు తగిలించేశాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు. బ్యాంకు కానివాళ్లు ఆ మాట పేరులో పెట్టుకోకూడదని కంపెనీల రిజిస్ట్రేషన్ ఆఫీసువాళ్లు దరఖాస్తు తిప్పికొట్టారు. బోర్డు దించమన్నారు.

‘‘అక్కడి ఆఫీసరు మీ మాట దాటడు సామీ. ఒక్క మాట చెప్పండి. ఆ పేరు పోతే నా గడప తొక్కేవాడుండడు. నేను లోన్లకు కాగితాలు రాసిచ్చేవాణ్ణి. డబ్బు కట్టించుకుంటానని బోర్డు మీద ఎక్కడన్నా రాసినానా?’’

బసవలింగ స్వామి అంతా విన్నాడు. ‘‘చెప్తాలే. ముందు గుట్ట కింద బాట పక్కన చలివేంద్రం పెట్టు.’’

పంపాపతి హుషారుగా పందిరి వేశాడు. ఇసుక పరిచి, కొత్త కుండలు నిలిపి, తడిగుడ్డలు చుట్టాడు. నీళ్లు పోయబోతే స్వామి చెయ్యి పట్టుకున్నాడు.

‘‘పొయ్యొద్దు. కూర్చో.’’

ఎండ నిప్పులు చెరుగుతోంది. చాలాసేపటికి ఓ ముసలామె మేకపిల్లను చంకనేసుకుని వచ్చింది. మూత తీసి గ్లాసు ముంచింది. అది అడుక్కు తగిలి ఖంగుమంది. రెండో కుండా చూసింది. గుంజ పట్టుకుని అక్కడే కూలబడింది.

పంపాపతికి ప్రాణం చివుక్కుమంది.

‘‘నీళ్లు తెచ్చుకోలేదా అవ్వా?’’

‘‘తెచ్చుకుంటి నాయనా. అల్లంత దూరాన ఈ పందిలి కనబడె గదా. ఇంకేం భయమని, ఉండేటివి దీనికి తాపిస్తి.’’

స్వామి తన చెంబు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. ఆమె తాగినంతసేపూ పంపాపతి తల ఎత్తలేకపోయాడు.

‘‘నీళ్లుండాయని ఎక్కడన్నా రాసినామా, పంపా?’’ అన్నాడు స్వామి.

ఆఫీసరు మాట మళ్లీ రాలేదు. పంపాపతి కుండలు నింపి, దిగులుగా ఊళ్లోకి నడిచాడు.

బోర్డు కింద మెట్టు మీద ఓ రైతు కూర్చుని ఉన్నాడు. ఒళ్లో గుడ్డసంచి. దాన్ని రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు.

‘‘బ్యాంకు ఎప్పుడు తెరుస్తారు సారూ? ఎద్దులమ్మిన డబ్బు. ఇంట్లో పెట్టుకోవాలంటే భయం.’’

పంపాపతి పక్క అంగడికి వెళ్లి నిచ్చెన అడిగాడు.