రాజుగారి తల్లి విసిరేసిన పలక

అనగనగా ఒక ఊళ్ళో, మన ఊరంత ఊరే అనుకోండి, వరాలని ఒకావిడ ఉండేదిట. నోట మాట పడిపోయినవాళ్ళకి బొమ్మల పలకలు గీసిచ్చేది. దాహమైతే చెంబు బొమ్మ మీద వేలు పెడితే చాలు, నీళ్ళొచ్చేవి. ఊ కొడుతున్నారా? కొట్టాలి మరి, గోడకి చెప్పుకోనా కథ.

ఆ దేశపు రాజుగారి తల్లికి పక్షవాతమొచ్చి మాట పోయింది. వరాలు వెళ్ళి అన్నం, నీళ్ళు, మందు, పక్క, అన్నీ గీసిచ్చింది. పెద్దావిడ విసిరేసింది. ఇంకోటి గీస్తే అదీ విసిరేసింది. రంగులేసి గీస్తే అదీ విసిరేసింది. అమ్మకి మతి కూడా పోయిందనుకుని రాజు, పున్నమి వెళ్ళాక తోట ఇంట్లో దాసీలకి అప్పగించేద్దామన్నాడు. ముసలివాళ్ళంటే అంతేగా, మాట లేకపోతే మతి లేదనేస్తారు.

మతి భేషుగ్గా ఉందని వరాలుకి తెలుసు, కానీ దారి తోచలేదు. పొరుగూళ్ళో పలకలు గీసేవాళ్ళంతా నెలకోసారి కూడేవారు. ఎన్నిసార్లు పిలిచినా, నాకు తెలీనిది వాళ్ళకేం తెలుసని వెళ్ళేది కాదు. ఇప్పుడు సిగ్గు దిగమింగుకుని వెళ్ళింది. ఒక్కరూ నవ్వలేదమ్మా. మజ్జిగిచ్చి కూచోబెట్టారు. మా దగ్గరా విసిరేశారులే అన్నాడొకాయన, వద్దనే బొమ్మ పెట్టావా అనడిగాడు. పెట్టలేదు. కోపం బొమ్మ ఉందా అంది ఇంకొకావిడ. లేదు. మూలనున్న ముసలి సూరమ్మ మెల్లిగా అందిట, "అది సరేనే, ఎదుటివాళ్ళ మంచీచెడ్డా అడగడానికేం పెట్టావు? తల్లి కదే ఆవిడ."

వరాలుకి కళ్ళనీళ్ళొచ్చాయి. ఇన్నాళ్ళూ ఆవిడచేత అడుక్కోవడమే చేయించాను గదా అనుకుంది.

కొత్త పలకలో పాత బొమ్మలతోపాటు వద్దు, కోపం, తప్పు, ఏమిటని అడిగే అరచెయ్యి, అన్నీ గీసింది. ముందు నువ్వే వేలు పెట్టి మాట్లాడమని చెప్పిందీ ఆ కూటంవాళ్ళే. అందుకని వెళ్ళగానే 'తప్పు' మీద వేలు పెట్టి తనని చూపించుకుంది. పెద్దావిడ తేరిపార చూసింది. కషాయం తెస్తే 'వద్దు' అంది. రాజొస్తే 'కోపం' అని కొడుకుని చూపించింది. రాజు తలొంచుకున్నాడు. అప్పుడావిడ వేలు విస్తరి బొమ్మ మీదికీ, అక్కణ్ణించి అడిగే అరచేతి మీదికీ వెళ్ళింది. తిన్నావా అని. కిరీటం తీసి పక్కన పెట్టి, తల్లి ఒళ్ళో తలపెట్టి ఏడ్చేశాడుట రాజు.

తోటా లేదు, గీటా లేదు, తల్లీ కొడుకూ ఒక్కచోటే చల్లగా ఉన్నారు. వరాలు మరి ఏ నెలా కూటం మానలేదు. దిక్కుతోచక ఎవరొచ్చినా మజ్జిగ తనే అందించేది. ఒంటి చేత్తో చప్పట్లు మోగవర్రా, తెలీనప్పుడు నలుగుర్నీ అడగాలి.

కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లోకి దూరండి. ఇంతకీ కథ చెప్పిన ఈ అమ్మమ్మ తిందో లేదో ఒక్కళ్ళడిగారా?