రంగు గడప దాటకూడదు

అద్దకం పని చేసే పైడయ్య ఇంట్లో ముగ్గురే మనుషులు: పైడయ్య, పెళ్ళాం నరసాయమ్మ, తమ్ముడు అప్పలకొండ. ఊళ్ళో తెలివంతా తమ ఇంట్లోనే కాపురం ఉంటోందని ముగ్గురికీ గట్టి నమ్మకం. వాళ్ళ షెడ్డు నీళ్ళు కలిసి కాలువ ఎర్రగా పారేది, దిగువన గేదెలు ఎర్రమూతులతో ఇళ్ళకు చేరేవి. గురువారంలోగా నీళ్ళు బాగుచేయకపోతే షెడ్డుకి సీలు వేస్తానన్నాడు కాలుష్యం ఆఫీసరు సదాశివం. షెడ్డు పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

పట్నం నుంచి ఇంజనీరమ్మ వచ్చి షెడ్డు నీళ్ళు పడే తొట్టిలో అతినీలలోహిత దీపం దించింది. "ఈ పెరాక్సైడు మందు పడి, దీపం వెలిగితే రంగూ విషమూ ముక్కలైపోతాయి. మందు చుక్కచుక్కగా వేయండి. దీపం వంక చూడకండి, కళ్ళు పోతాయి" అని చెప్పి వెళ్ళింది.

అంతే, ముగ్గురూ కళ్ళకు గంతలు కట్టుకున్నారు. అప్పలకొండ ఒక చుక్క వేసి, మందు డబ్బా గదిలో పెట్టి తాళం వేసి, మళ్ళీ తడుముకుంటూ వెళ్ళి తాళం తీసేవాడు.

"ఒకేపాలి పొయ్యరాదేటిరా?"

"సుక్కసుక్కగా అన్నాదన్నయ్యా!"

పైడయ్యేమో జల్లెడతో నీళ్ళు వడగట్టి, "ముక్కలైపోతాదన్న రంగు ఒక్క ముక్కా తగల్లేదేటి?" అని కోప్పడ్డాడు. ఇంకేముంది, నరసాయమ్మ విసుగెత్తి, "ఇదీ ఒక సుక్కే, కాస్త పెద్దది" అంటూ డబ్బా మొత్తం బోర్లించేసింది. ఆ మొరటు దెబ్బకి నీళ్ళు తేటపడ్డాయి.

గురువారం పొద్దున ఆఫీసరు ఫోను చేశాడు. "వస్తున్నా. మీ షెడ్డులోంచి ఇసుమంత రంగు కూడా గడప దాటకూడదు, దాటిందా సీలే!"

షాపుకి పంపాల్సిన నలభై చీరలు దండేనికి ఆరుతున్నాయి. నరసాయమ్మ దండెం దగ్గరికి పరుగెత్తింది. "ఓలమ్మో, ఈటికీ రంగుంది గదా, గడప దాటతాయి గదా!" అంతే, చీరలన్నీ తొట్టిలోని మందునీళ్ళలో ముంచి దీపం దగ్గర పెట్టారు. మధ్యాహ్నానికి అన్నీ తెల్లబోయాయి.

ఆఫీసరు వచ్చి, నీళ్ళు చూసి మురిసిపోయి, చీరల వంక కన్నెత్తకుండానే షెడ్డు నడుపుకోవచ్చన్న కాగితం మీద సంతకం గీకాడు. వెనక్కి తిరిగేసరికి అప్పలకొండ తలుపు గడియ పెట్టేశాడు.

"బాబూ, మీ సొక్కా నీలం."

"అయితే?"

"మీ మాట మీరే దాటతారేటి?"

చొక్కా తొట్టిలో పడింది. ఆఫీసరు బనీనుతో మిగిలాడు. నరసాయమ్మ ఆయన నల్లటి జుట్టుని పరీక్షగా చూసింది. "ఏవయ్యో, ఇదీ ఏసిన రంగే!" ముగ్గురూ ఆయన్ని భుజాలు పట్టుకుని తొట్టి వైపు నడిపించారు.

"సీలేస్తా! ఇప్పుడే సీలేస్తా!" అని అరిచాడు ఆఫీసరు.

"ఏద్దురుగాని బాబూ, ముందు తెల్లబడండి" అన్నాడు పైడయ్య, ఎంతో మర్యాదగా.