పోలమ్మ గోడు అప్పజెప్పిన కోడలు

అనగనగా ఏటి దిగువన చినతూముపాలెం అని ఒక ఊరు ఉండేదర్రా. ఒక ఏడు, వరి పొట్టకొచ్చే వేళకు, రాజుగారి అధికారి ఎగువన తూము మూసేశాడు. చేలు నెర్రెలు విచ్చాయి. ఊరి తరఫున ఒక్కరు సభకు వచ్చి చెప్పుకోవచ్చని రాజుగారు కబురు పంపారు. వారంలో నీరు రాకపోతే పంట దక్కదు. వింటున్నారా? ఊ కొట్టండి మరి.

ఆ ఊరికి ఒక ఆచారం ఉంది. సభకు వెళ్తానన్నవాళ్ళు ముందు బాధపడే మనిషి గోడు విని, పదిమందిలో అప్పజెప్పాలి. ఆ మనిషి "అవును, ఇదే నా గోడు" అంటేనే పంపుతారు. ఆ ఏడు గోడు చెప్పుకున్నది పోలమ్మ. ఒంటరిది, ఎకరం చెక్కే ఆధారం.

మొదట జగ్గునాయుడు లేచాడు. తాత ఏనుగు ఎక్కాడన్నాడు, తండ్రి గుర్రం ఎక్కాడన్నాడు, తాను పల్లకి ఎక్కుతానన్నాడు.

"అందరూ ఎక్కారు గానీ నాయుడూ, నా చేలోకి ఒక్కరూ దిగలేదేం?" అంది పోలమ్మ. జనం గొల్లున నవ్వారు.

తరవాత అవధానిగారు ధారగా సంస్కృతం చదివారు. "బాగుంది బాబూ, ఎవరి గురించి?" అని అడిగింది పోలమ్మ.

చివరికి పోలమ్మ పక్కచేను బంగారయ్య కోడలు సత్తెమ్మ లేచింది. ఆవిడ ముందే పోలమ్మ చేను గట్లన్నీ తిరిగి చూసింది. తెలియని సంగతి రెండోసారి అడిగి తెలుసుకుంది.

"అధికారి తూము మూశాడు. మిగిలిన కాస్త నీటినీ మా మామగారు గట్టు తెంచి మా చేలోకి మళ్ళించుకుంటున్నారు. ఇదీ పోలమ్మత్త గోడు" అంది.

బంగారయ్య మండిపడ్డాడు. "ఇంటిమాట వీధిలో పెడతావా?"

"ఇది ఇంటిమాట కాదు మామయ్యా, పోలమ్మత్త మాట. అందులో సగం దాచుకునే హక్కు నాకు లేదు."

పోలమ్మ కళ్ళు తుడుచుకుని, "అవును, ఇదే నా గోడు" అంది. బంగారయ్య తలవంచుకుని వెళ్ళి, ఆ పూటే గట్టు పూడ్చాడు.

ఊరు సత్తెమ్మను సభకు పంపింది. అక్కడ అధికారి, ఆ ఊళ్ళో వాళ్ళే నీళ్ళు దొంగిలిస్తున్నారన్నాడు.

"నిజమే ప్రభూ, మా మామగారే. గట్టు పూడ్చేశాం. ఇక తెరవవలసింది తమ తూమే" అంది సత్తెమ్మ.

తన ఇంటి తప్పును దాచని మనిషి ఎదుటివారి తప్పును పెంచి చెప్పదని రాజుగారు నమ్మి, తూము తెరిపించారు. మూడోనాటికి కాలువ నిండింది. బంగారయ్యే పార పట్టి ముందుగా పోలమ్మ చేనుకు నీరు పెట్టాడు.

రేపు మీరూ ఎవరినో ఒకరిని ఎన్నుకుని సభకు పంపుతారు. గొంతు చూడకండి, పల్లకి చూడకండి. మీ మాట వాళ్ళ నోట తరగకుండా, పెరగకుండా వస్తుందేమో చూడండి.

కథ కంచి దారి పట్టింది. మనం దుప్పటి కప్పుకుందాం.