పచ్చళ్ళు గారి టౌను ప్రయాణం

బుద్ధాల వారింట్లో కుక్క కూడా ఆలోచించే మొరుగుతుందని ఊరంతా చెప్పుకుంటారు. ఊరంతా అంటే, ఆ ఇంటివాళ్ళే ఊరంతా తిరిగి చెప్పుకుంటారు. "బుద్ధి మాకు ఇంటిపేరులోనే ఉంది, విడిగా తెచ్చుకోనక్కర్లేదు" అంటుంది నూకరత్నం. కొడుకు సూరప్పడు, కోడలు గవరమ్మ అవునంటే అవునంటారు.

నూకరత్నం పచ్చళ్ళు పెడుతుంది. ఆవిడకి ఒక్కటే కోరిక. టౌనులో పెద్ద కొట్టు అరమీద తన ఆవకాయ జాడీ కూర్చోవాలి. కొట్టువాళ్ళు సరేనన్నారు గానీ, చీకటి పడేలోగా పచ్చళ్ళ వివరం తమ కంప్యూటరుకి చేరాలన్నారు. చేరకపోతే ఆ అర ఎదురింటి చిట్టెమ్మది. చిట్టెమ్మ అప్పుడే కొత్త చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది.

కొట్టులో కంప్యూటరు చూసే కూర్మారావు ఫోను చేశాడు. "ఏం లేదండీ, మీ పచ్చళ్ళన్నీ ఎక్స్ ఎమ్ ఎల్ లో పెట్టి పంపండి. వేరేదాంట్లో పెడితే మా కంప్యూటరు తీసుకోదు."

అది కంప్యూటర్లు ఒకదానికొకటి సంగతులు చెప్పుకునే రాత. సూరప్పడి చెవికి మాత్రం ఎక్స్ ఎమ్మెల్యే అని వినపడింది.

"ఆయనలో ఎలా పెట్టాలి బాబూ?"

"ట్యాగులుంటాయి కదండీ. ట్యాగంటే నోరనుకోండి. నోరు తెరవాలి, ఒక పచ్చడి పెట్టాలి, మూసెయ్యాలి. ఇంకో పచ్చడికి మళ్ళీ తెరవాలి, మళ్ళీ మూయాలి. ఒకేసారి అన్నీ కుక్కితే అంతా కలిపి ఒకటే పచ్చడనుకుంటుంది. మొత్తానికి పైన 'పచ్చళ్ళు' అని ఒక పేరు పెట్టండి. ఏదన్నా ఈ ఏడు లేకపోతే వదిలెయ్యకండి, దాన్ని ఖాళీగానైనా పంపండి."

అంతే, ఫోను పెట్టేశాడు.

ఆ ఊళ్ళో ఒక మాజీ ఎమ్మెల్యే ఉన్నాడు. ఓడిపోయిన దగ్గర్నించీ ఆయన గుమ్మం తొక్కినవాళ్ళు లేరు. పాలవాడు కూడా గేటు అవతల్నించే ప్యాకెట్టు విసిరిపోతాడు. జాడీలు నెత్తిన పెట్టుకుని ముగ్గురు మనుషులు వచ్చేసరికి ఆయన కళ్ళు చెమర్చాయి.

"మీరు లేకపోతే మా పని జరగదండి" అన్నాడు సూరప్పడు.

ఆ మాట విని ఎన్నాళ్ళయిందో. ఇంకేముంది, కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు.

"నోరు తెరవండి" అంది గవరమ్మ. తెరిచాడు. ఆవకాయ పెట్టింది. "మూయండి." మూశాడు. "తెరవండి." మాగాయ. "మూయండి. తెరవండి." గోంగూర. అన్నం లేదు, నెయ్యి లేదు. పండుమిరప దగ్గర మూసిన నోరు ఆయన ఇక తెరవలేదు. మంచినీళ్ళని చేత్తో సైగ చేశాడు.

"నీళ్ళు ఇవ్వకూడదండి. కొట్టువాళ్ళు అదీ పచ్చడే అనుకుంటారు" అన్నాడు సూరప్పడు.

చివరికి గవరమ్మ ఖాళీ గరిటె నోట్లో పెట్టింది.

"ఇదేంటమ్మా?"

"ఉసిరికాయండి. ఈ ఏడు కాయలేదు."

ఆయన మర్యాదస్తుడు. నమిలాడు. "పులుపు కొంచెం తగ్గింది" అన్నాడు.

నూకరత్నం అట్టముక్క మీద 'పచ్చళ్ళు' అని రాసి ఆయన మెళ్ళో కట్టింది. దండేమో అనుకుని ఆయన తల వంచాడు. "పచ్చళ్ళు గారూ, ఇక వెళ్ళిరండి" అని ఆటో ఎక్కించారు. ఏదో ప్రారంభోత్సవమనుకుని ఆయన కత్తెర జేబులో వేసుకున్నాడు.

కాసేపటికి కూర్మారావు ఫోను. "ఎమ్మెల్యే గారొచ్చి బిందెడు నీళ్ళు తాగారండీ. పండుమిరపంటే మీదేనని మా యజమానికి చెప్పారు. అర మీకే ఇమ్మన్నారాయన."

నూకరత్నం చిట్టెమ్మ గుమ్మం వైపు చూసి కొంగు సర్దుకుంది.

"కానీ కంప్యూటరులో చిక్కుందండీ. ఆయన మెళ్ళో అట్ట మీది పేరొక్కటే ఎక్కించాను. పైన తండ్రి ఉన్నాడు, లోపల పిల్లలు లేరు. లోపల పిల్లలున్నది పంపితేగానీ కుదరదు."

ఆ రాతలో పై పేరుని తండ్రనీ, దాని లోపల వచ్చే ఒక్కో పచ్చడినీ పిల్ల అనీ అంటారు.

"మగాడి లోపల పిల్లలెలా ఉంటారయ్యా? కాస్త బుద్ధుండాలి" అని నూకరత్నం ఫోను కట్టేసింది. కట్టేసింది గానీ, అర పోతుందేమోనని చిట్టెమ్మ గుమ్మం వైపు మళ్ళీ చూసింది.

గవరమ్మకి తట్టింది. "అత్తా, ఎమ్మెల్యే గారి కోడలికి ఏడో నెల కదా."

అంతే, ఆవకాయ జాడీ ఎత్తుకుని పరుగు. ఆ పిల్ల చెప్పకుండానే నోరు తెరిచింది. మూయమంటే మూయలేదు. వేవిళ్ళప్పటి నుంచీ ఎవరూ కారం పెట్టలేదట. గరిటె లాక్కుని జాడీ అడుగు గోకింది. "నేను ఆటో ఎక్కనమ్మా, ఈ నెలల్లో కుదుపు కూడదు" అని జాడీ చేతికిచ్చింది.

సూరప్పడు జాడీలోకి తొంగిచూశాడు. "అమ్మా, ఏం లేదే."

"ఖాళీగానైనా పంపమన్నాడు కదరా."

పంపారు. యజమాని మాట మీద జాడీ అరెక్కింది. వారం తిరిగాక నూకరత్నం టౌనుకి వెళ్ళి, చూసొచ్చి, చిట్టెమ్మకి వినపడేలా కొడుకుతో అంది:

"మన ఆవకాయ బాగా పోతోందిరా. జాడీలో చుక్క మిగలనివ్వట్లేదు."