పన్నెండు మూరల కత్తి

కందరాడ రాజుగారి కోట ముందు ఇరవై ఎకరాల పచ్చిక, అంతా మిట్టలూ పల్లాలూ. దాన్ని కోయడానికి మంత్రి త్ర్యంబకయ్య పన్నెండు మూరల కత్తి చేయించి, లాగడానికి రెండు ఏనుగుల్ని ఎంచాడు. కత్తి ఎంత పొడుగైతే తన హోదా అంత ఎత్తని ఆయన నమ్మకం. ఆ నేల మీద ఒక్కనాడూ కాలు పెట్టిన పాపాన పోలేదు.

"రేపట్నుంచి గడ్డి కోసేవాళ్లు రానక్కర్లేదు" అన్నాడు. వాళ్లలో మంగలి చిట్టెయ్య పెళ్లాం కూడా ఉంది.

మర్నాడు రాజుగారి ఎదుటే చిట్టెయ్య మంత్రి గడ్డం తడిపి, సంచిలోంచి మూరెడు కొబ్బరికత్తి తీశాడు.

మంత్రి కెవ్వుమన్నాడు. "అదేంట్రా!"

"పొడుగు కత్తి బాబూ. రెండు గీతల్లో పనైపోద్ది."

"ముక్కు తెగుతుందిరా మూర్ఖుడా! బుగ్గలు పల్లం, గడ్డం మిట్ట, కనపడట్లేదా?"

"తమరి మొహం రోజూ అద్దంలో చూసుకుంటారు గనక తెలిసింది బాబూ. ఆ పచ్చిక మొహం కూడా ఒక్కసారి చూడాల్సింది."

రాజుగారు పగలబడి నవ్వారు. ఏనుగులు వెనక్కెళ్లాయి. జత ఎడ్లు, మూడు మూరల కత్తి వచ్చాయి. మిట్టలెక్కడున్నాయో తెలిసిన గడ్డి కోసేవాళ్లకే వాటిని తోలే పని అప్పగించారు.

మంత్రిగారు మాత్రం ఆనాటి నుంచి గడ్డం పెంచుతున్నారు.